పాల్ బరాస్ జీవితాన్ని తాడు మీద చెప్పే పద్ధతి

ముందుగా ఒక తాడు కావాలి. బట్టలు ఆరేసుకునే మామూలు నైలాను తాడు చాలు, అరవై అడుగులది. ఒక ఏడాదికి ఒక జాన చొప్పున కొలుచుకుంటూ, ప్రతి జాన దగ్గరా పెన్నుతో గీత పెట్టండి. ఫ్రెంచి విప్లవ కాలపు నాయకుడు పాల్ బరాస్ 1755 జూన్ 30న పుట్టి 1829 జనవరి 29న పోయాడు. అంటే 73 జానలు, పైన మరో సగం. నా చెయ్యి చిన్నది కాబట్టి నాకు యాభై అడుగుల లోపే సరిపోయింది. ఆ తాడును మేడ మీద ఈ గోడ నుంచి ఆ గోడకు, కూర్చున్నవాళ్ళ కళ్ళకు ఎదురుగా కట్టుకోవాలి.

పెరంబూరులో మా ఇంటి మేడ మీద ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఇరవై మందిమి కూడుతాం. ఒకరు ఒక మనిషి జీవితాన్ని గంటసేపు తెలుగులో చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, ఆ తర్వాత అడగాలి. నేను ముప్పై ఏళ్ళు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. ఫ్రెంచి విప్లవం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ పాఠంలో రాజు ఉంటాడు, విప్లవాన్ని భయంతో నడిపిన రోబెస్పియర్ ఉంటాడు, చివరికి నెపోలియన్ వస్తాడు. రోబెస్పియర్‌ను పట్టుకున్న సేనలకు నాయకుడైన మనిషి, నెపోలియన్‌ను పైకి తెచ్చిన మనిషి ఒక్కడే అని నేను పిల్లలకు ఏనాడూ చెప్పలేదు. ఆ మనిషి ప్రోవెన్సు ప్రాంతపు ప్రభు వంశీకుడనీ, ఇరవై మూడేళ్ళ వయసులో మన పుదుచ్చేరిలో ఇంగ్లీషువాళ్ళ ఫిరంగుల ఎదుట నిలిచాడనీ అప్పుడు నాకే తెలియదు. ఆ లోటు తీర్చుకోవడానికే బరాస్‌ను ఎంచుకున్నాను. ఈ పద్ధతి అప్పుడు కుదిరింది.

తాడు కట్టాక, ఒక్క మాట కూడా మాట్లాడకముందే, రెండు క్లిప్పులు పెట్టండి. ఒకటి 1792 సెప్టెంబరు దగ్గర, ఆయన ఫ్రాన్సు ప్రతినిధి సభలో సభ్యుడైనప్పుడు. రెండోది 1799 నవంబరు దగ్గర, ఆయన పదవి ఊడినప్పుడు. మధ్యలో ఏడు జానలు. చరిత్ర పుస్తకాల్లో బరాస్ కనిపించేది ఈ ఏడు జానల్లోనే. ఎడమ వైపు ముప్పై ఏడు, కుడి వైపు ఇరవై తొమ్మిది ఖాళీగా వేలాడుతుంటాయి. మేడ మీద గాలికి ఆ ఖాళీ తాడు ఊగుతుంటే చూస్తున్నవాళ్ళకు ఒక ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టే దాకా ఆగండి. మా సభలో ఒక బామ్మగారు వెంటనే అడిగారు: "అంత పెద్ద మనిషి, మిగతా కాలమంతా ఏం చేశాడమ్మా?"

కథ పుట్టుక దగ్గర మొదలుపెట్టకండి. ఫలానా ఊళ్ళో ఫలానా ఇంట్లో పుట్టాడు అంటే వినేవాళ్ళకు పట్టు దొరకదు. ఫాక్స్-ఆంఫూ అనే పల్లె ఎక్కడుందో మనలో ఎవరికి తెలుసు? మన కాలు మోపగలిగిన చోటు నుంచి మొదలుపెట్టాలి. బరాస్ విషయంలో ఆ చోటు పుదుచ్చేరి, ఆ ఏడు 1778. పదహారేళ్ళకు లాంగ్‌డాక్ రెజిమెంటులో చేరి, 1776లో ఇటు ఓడ ఎక్కినవాడు, ఒడిదుడుకుల ప్రయాణం తర్వాత ఆ ఊరు చేరాడు. అమెరికా తిరుగుబాటుదారులకు ఫ్రాన్సు మద్దతు పలకడంతో ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. మద్రాసు నుంచి మేజర్ జనరల్ హెక్టర్ మన్రో సేనతో బయలుదేరి పుదుచ్చేరిని చుట్టుముట్టాడు. గవర్నరు బెల్కోంబ్ కింద ఊళ్ళోని సేన రెండు నెలల దాకా నిలిచి, అక్టోబరు 18న లొంగిపోయింది. తర్వాత వాళ్ళను విడిచిపెట్టారు. బరాస్ స్వదేశం వెళ్ళాడు.

వీలుంటే ఆ ఊరు ఒకసారి వెళ్ళి రండి. నేను ఎదురింటి పదో తరగతి పిల్లవాణ్ణి, వాళ్ళ అమ్మను వెంటబెట్టుకుని ఈసీఆర్ మీదుగా బస్సులో వెళ్ళాను. పుదుచ్చేరి పాత ఊరి చుట్టూ ఉన్న బుల్వార్డు వీధులు కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతాయి. పాత ప్రాకారం ఉన్న గీత అది. గోడలను ఇంగ్లీషువాళ్ళు పడగొట్టారు, గీత మిగిలింది. మేం పడమటి వైపు ఆ వీధి అంచున నిలబడ్డాం. ఒక పక్క స్కూటర్లు, కొబ్బరి బోండాల బండి. పిల్లవాడు చెప్పు కాలితో రోడ్డు మీద ఒక గీత గీసి, "అత్తయ్యా, గోడ ఇక్కడ ఉంటే వాళ్ళ ఫిరంగులు ఎక్కడ ఉండి ఉంటాయి?" అని అడిగాడు. వాడే చెయ్యి చాచి దూరం అంచనా వేశాడు. ఆ ఒక్క నిమిషం, నేను ఇంట్లో కూర్చుని చదివిన నాలుగు వారాలకు సమానం. వెళ్ళలేనివాళ్ళు పటమైనా ముందు పెట్టుకోండి.

ఇక రెండో తాడు. ఇది లేకపోతే ఈ పద్ధతి సగమే. మొదటి తాడుకు అడుగున, అదే కొలతతో, మన ఊళ్ళ కాలాన్ని కట్టాలి. తెలుగువాళ్ళకు ఫ్రెంచివాళ్ళు కొత్తవారు కారు. బొబ్బిలి కథ పాడే జంగాలు వాళ్ళను పరాసులన్నారు. ఫ్రెంచి సేనాని బుస్సీ పేరు ఆ కథ విన్న ప్రతివాడికీ తెలుసు. ఆ యుద్ధం 1757 జనవరిలో జరిగింది. పై తాడు మీద చూపించండి, బరాస్‌కు అప్పటికి రెండేళ్ళు నిండలేదు. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మన సెయింట్ జార్జి కోటను ముట్టడించి, 1759లో విఫలుడై వెనుదిరిగాడు, అదే ఏడు మచిలీపట్నం పరాసుల చేయి జారింది. 1761లో పుదుచ్చేరే పోయింది, ఒప్పందం మీద తిరిగి వచ్చింది. పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళ దుబాసీ ఆనంద రంగ పిళ్ళై పుట్టింది మా పెరంబూరులోనే. ఆయన పేరు మీద తెలుగులో ఛందశ్శాస్త్రమే రాశారు. ఇది బరాస్ కథలోకి రాదు, కానీ మా సభలో చెప్పకుండా ఉండలేకపోయాను. అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు.

కింది తాడు వల్ల లాభం ఏమిటంటే, రెండు క్లిప్పులు ఒకదాని కింద ఒకటి పడినప్పుడు కథ దానంతట అదే బిగుస్తుంది. 1778లో పుదుచ్చేరిని గెలిచిన మన్రోయే 1780లో మైసూరు హైదర్ అలీ సేన పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు అధికారి బెయిలీ దళాన్ని తుడిచిపెడుతుంటే ఆదుకోలేక, పెద్ద ఫిరంగులను కాంచీపురం కోనేట్లో పడవేసి మద్రాసు దారి పట్టాడు. 1782లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ ఓడలు సద్రాసు ఎదుట ఇంగ్లీషు ఓడలతో తలపడ్డాయి. మేం బస్సులో దాటిన ఊరే అది. బరాస్ 1782-83లో మళ్ళీ ఈ దిక్కుకు వచ్చిన దండయాత్రలో ఉన్నాడు. అన్నిటికన్నా గట్టి ముడి 1793 ఆగస్టుది. పుదుచ్చేరి మరోసారి ఇంగ్లీషువాళ్ళకు లొంగిపోయిన నెలలోనే, ఫ్రాన్సులో టూలాన్ ఓడరేవును అక్కడి విప్లవ వ్యతిరేకులు అదే ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు. ఆ టూలాన్‌ను తిరిగి పట్టేందుకు ప్రతినిధి సభ తరఫున పనిచేసినవాళ్ళలో బరాస్ ఒకడు. నేను ఈ రెండు క్లిప్పులు పెట్టి ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాను. వెనక వరుసలో ఎవరో "అబ్బా" అన్నారు.

మాటల విషయంలో ముందే కొన్ని నిర్ణయాలు చేసుకోవాలి. బరాస్ పాలకుడిగా ఉన్న ప్రభుత్వం పేరు డైరెక్టరీ. మన చెవికి డైరెక్టరీ అంటే ఫోను నంబర్ల పుస్తకం. అందుకని నేను "ఐదుగురు పాలకుల మండలి" అన్నాను. దాని కింద రెండు సభలు: ఒకటి అయిదువందల సభ, రెండోది పెద్దల సభ. రెండోది మనకు అలవాటైన మాటే, పైగా అందులో కూర్చోవాలంటే నలభై ఏళ్ళు నిండాలి కాబట్టి అర్థానికీ సరిపోయింది. బరాస్ బిరుదు వికోంత్. దాన్ని జమీందారు అని అనువదించాలని చాలామందికి అనిపిస్తుంది. నాకు అది తప్పుగా తోస్తుంది. మన జమీందారు సర్కారుకు శిస్తు కట్టే బాధ్యత ఉన్నవాడు. వికోంత్ అనేది వంశం వల్ల వచ్చే హోదా, చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా హోదా ఉంటుంది. సైన్యం విడిచాక బరాస్ సంగతి అదే: గొప్ప పేరు, చిన్న ఆస్తి, దాన్ని కరిగించే ఖర్చులు. ఈ తేడా చెప్పకపోతే ఆయన 1789లో విప్లవం వైపు ఎందుకు నడిచాడో సగం అర్థం కాదు.

పేర్లను ఒక్క తీరులో పలకండి. బరాస్ అంటే చివరిదాకా బరాస్ అనే అనాలి. ఇంకొక జాగ్రత్త నా తప్పు నుంచి నేర్చుకున్నది. మొదటిసారి చెప్పినప్పుడు 1781లో అమెరికా యుద్ధంలో, యార్క్‌టౌన్ దగ్గర బరాస్ ఉన్నాడని చెప్పేశాను. నౌకాదళంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు కథ అయ్యేదాకా ఆగి, "అమ్మా, అక్కడ ఉన్నది నౌకాధిపతి బరాస్. ఆయన వయసు అప్పటికే అరవై దాటింది. మీరు చెబుతున్న మనిషికి ఇరవై ఆరు" అన్నారు. ఆ ఇంటిపేరువాడే, వేరే మనిషి. అప్పటి నుంచి, ఏ సంఘటన చెప్పినా తాడు మీద వేలు పెట్టి వయసు లెక్కించి చూసుకున్నాకే చెబుతున్నాను. వయసు కుదరకపోతే మనిషి తప్పు.

తేదీల చిక్కు ఇంకొకటి ఉంది. విప్లవకారులు కొత్త పంచాంగం పెట్టుకున్నారు. పన్నెండు నెలలు, నెలకు సరిగ్గా ముప్పై రోజులు, చివర అయిదో ఆరో అదనపు రోజులు. ఏడాది సెప్టెంబరు 22, 23, 24ల్లో ఏదో ఒక రోజున మొదలవుతుంది, మొదటి ఏడు 1792లో మొదలైనట్టు లెక్క. నెలల పేర్లు ఋతువులవి: ద్రాక్ష కోతల వాందెమియేర్, మంచు పొగల బ్రుమేర్, ఎండల థెర్మిదోర్, పండ్ల ఫ్రుక్తిదోర్. తిథులతో పండుగలు గుర్తుపెట్టుకునేవాళ్ళం కాబట్టి మనకు ఇది కష్టం కాదు. రెండో ఏడు థెర్మిదోర్ 9 అని కనిపిస్తే, అది పదకొండో నెల కాబట్టి ముందు మూడు వందల రోజులు గడిచాయి, తొమ్మిది కలపండి, 1793 సెప్టెంబరు 22ను ఒకటో రోజుగా పట్టుకుని మూడు వందల తొమ్మిదో రోజుకు లెక్కించండి. 1794 జూలై 27 వస్తుంది. క్లిప్పుకు రెండు తేదీలూ రాసిన చీటీ తగిలించండి.

అతి ముఖ్యమైన మెట్టు రంగులది. తెల్ల క్లిప్పు అంటే పలువురు సాక్ష్యం చెప్పినది, రికార్డుల్లో ఉన్నది. ఎర్ర క్లిప్పు అంటే బరాస్ తాను చెప్పుకున్నది. ఆయన జ్ఞాపకాలు ఆయన పోయిన అరవై ఏళ్ళకు పైన, 1895-96లో, నాలుగు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆయన కాగితాల నుంచి వాటిని కూర్చి రాసినవాడు మిత్రుడు రూసెలిన్ ద సెంతాల్బెన్. అంటే ఆ గొంతు కూడా పూర్తిగా ఆయనది కాదు. అందులో టూలాన్ దగ్గర గానీ పారిస్‌లో గానీ నెపోలియన్ చేసిన పని ఎంతో చిన్నదిగా కనిపిస్తుంది. నెపోలియన్ సెయింట్ హెలెనా ద్వీపంలో బందీగా కూర్చుని చెప్పిన మాటల్లో బరాస్ చిన్నవాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కసి పెట్టుకున్న సాక్షులే. ఒకరి మాట పట్టుకుని రెండోవాణ్ణి తీర్పు తీర్చకండి. ఎవరు అన్నారో ఆ పేరుతోనే చెప్పండి. మా సభలో కొందరికి ఇది చాదస్తంగా అనిపించింది. నేను వదులుకోలేదు, మీరూ వదులుకోవద్దు.

ఇప్పుడు ఆ ఏడు జానలు. ఇక్కడ నిదానంగా నడవాలి. 1793 జనవరిలో రాజుకు మరణశిక్ష వేయాలని ఓటు వేశాడు. ఆ డిసెంబరు 19న టూలాన్ తిరిగి చిక్కింది. అక్కడే యువ ఫిరంగి అధికారి నెపోలియన్ బొనపార్టును చూశాడు. చాలామంది ఈ పరిచయాన్ని చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. అలా వెళ్ళకండి. ఊరు చిక్కాక వందల మందిని నిలబెట్టి కాల్చి చంపారు. ఆ రోజుల్లో అక్కడ సభ తరఫున అధికారం చెలాయించినవాళ్ళలో బరాస్, అతని సహచరుడు ఫ్రెరాన్ ఉన్నారు. ఈ క్లిప్పు తెల్లదే. నేను ఇక్కడ గొంతు మార్చకుండా, విశేషణాలు లేకుండా, ఆ వాక్యం ఒక్కటే చెప్పి ఆగాను.

వాళ్ళిద్దరినీ పారిస్‌కు వెనక్కి పిలిపించారు. దక్షిణాదిలో చేసిన అతిక్రమాలు, చేతివాటం గురించి ఆరోపణలు వచ్చాయి. రోబెస్పియర్ వాళ్ళను ఆదరించలేదు. తన తల కాపాడుకోవాలంటే ఎదుటివాడి తల పోవాలన్న స్థితికి బరాస్ చేరాడు. థెర్మిదోర్ 9 సాయంత్రం, రోబెస్పియర్ మీద తిరగబడిన ప్రతినిధి సభ అతన్ని సేనాధిపతిని చేసింది. రోబెస్పియర్ తన అనుచరులతో నగర సభా భవనంలో ఉన్నాడు. బయట కాపలాకు చేరిన గుంపులు రాత్రి గడిచేకొద్దీ ఇళ్ళకు జారుకున్నాయి. అర్ధరాత్రి దాటాక సభ సేనలు లోపలికి చొరబడ్డాయి. మర్నాడు రోబెస్పియర్, మరో ఇరవై ఒక్క మంది తల నరికే యంత్రం గిలెటిన్ పాలయ్యారు. ఈ ఘట్టాన్ని వినేవాళ్ళు ముహూర్తం లాగా గంటలతో సహా గుర్తుపెట్టుకుంటారు. అందుకని పది నిమిషాలు ఇక్కడే పెట్టండి.

తర్వాతది వాందెమియేర్ 13, అంటే 1795 అక్టోబరు 5. పారిస్ పేటల జనం సభ మీద తిరగబడితే, రక్షణ మళ్ళీ బరాస్ చేతికే వచ్చింది. అతను బొనపార్టును పక్కన పెట్టుకున్నాడు. మ్యూరా అనే అశ్విక అధికారి రాత్రికి రాత్రి సబ్లాన్ మైదానం నుంచి నలభై ఫిరంగులు లాక్కొచ్చాడు. తిరుగుబాటు అణగింది. కొన్ని వారాలకు బరాస్ ఐదుగురు పాలకుల్లో ఒకడయ్యాడు. 1796 మార్చిలో బొనపార్టుకు ఇటలీ సేన దక్కింది. ఒకప్పుడు బరాస్ ప్రియురాలైన జోసెఫీన్‌తో అతని పెళ్ళి జరిగింది, బరాస్ సాక్షి సంతకం చేశాడు. ప్రేమకథగా సాగదీస్తే గంట చాలదు. ఒక్క వాక్యం చాలు.

పాలకుడిగా నాలుగేళ్ళు త్వరగా చెప్పవచ్చు. ఏటా ఒకరు చీటీ ప్రకారం దిగిపోవాలి. మూడుసార్లు చీటీ తీశారు, బరాస్ పేరు రాలేదు. మొదటి ఐదుగురిలో చివరిదాకా నిలిచినవాడు అతనొక్కడే. 1797 సెప్టెంబరు 4న సైన్యాన్ని దించి, ఎన్నికల్లో బలపడిన ప్రత్యర్థులను, తోటి పాలకులిద్దరితో సహా తొలగించాడు. వాళ్ళలో కార్నో పారిపోయాడు, బార్తెలెమీని గయానాకు పంపేశారు. ఓట్లతో వచ్చినవాళ్ళను తుపాకులతో పంపిన రోజు అది. నా లెక్కలో బరాస్ పతనం మొదలైంది అక్కడే, రెండేళ్ళ తర్వాత కాదు. ఈ కాలంలో లక్సెంబర్గ్ భవనంలో అతను బతికిన విలాసం, లంచగొండి అన్న పేరు కూడా చెప్పాలి. కింది తాడు మీద 1799 మే 4 చూపించండి: మద్రాసు నుంచి హారిస్ నడిపిన సేన శ్రీరంగపట్నంలోకి చొరబడి టిప్పు సుల్తాను నేలకూలిన రోజు. ఫ్రెంచి సాయం కోసం టిప్పు ఎదురుచూసినప్పుడు, ఆ దేశాన్ని ఏలుతున్న ఐదుగురిలో ఒకడు ఈ తీరాన్ని కళ్ళారా చూసినవాడు.

బ్రుమేర్ 18, 1799 నవంబరు 9. బొనపార్టు పక్షాన రాజకీయవేత్త తాలేరాన్, నౌకాధిపతి బ్రుయి రాజీనామా కాగితం తీసుకుని వచ్చారు. బరాస్ సంతకం పెట్టి గ్రోబ్వా ఎస్టేటుకు వెళ్ళిపోయాడు. తాను పైకి తెచ్చినవాడే తనను దింపేశాడు, ఆ తర్వాత బరాస్ మళ్ళీ ఏ పదవిలోనూ కూర్చోలేదు.

ఇక్కడి నుంచి మాట తగ్గించండి. తాడును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గోడ దాకా మెల్లగా నడవండి. ఇరవై తొమ్మిది జానలు. మధ్యలో బ్రసెల్స్, రోమ్ అని రెండు చీటీలు చాలు, పారిస్‌కు దూరంగా ఉంచిన ఏళ్ళవి. గోడ దగ్గర చివరి క్లిప్పు: షాయో, 1829 జనవరి 29, పేర్ లాషేజ్ శ్మశానం. నేను నడుస్తుంటే మేడ మీద ఎవరూ కదలలేదు. మొదట్లో అడిగిన బామ్మగారు ఆ తాడు వైపే చూస్తూ ఉన్నారు.

ప్రశ్నలకు పావుగంట ఉంచండి. పిల్లలు తప్పకుండా అడిగేది ఒకటే. మా పిల్లవాడూ అడిగాడు: "అత్తయ్యా, ఆయన మంచివాడా, చెడ్డవాడా?" నేను జవాబు చెప్పలేదు. వాడి చేతికి నల్ల క్లిప్పు ఒకటి, పసుపుది ఒకటి ఇచ్చి, "నీకు ఏ రోజు మీద ఏది పెట్టాలనిపిస్తే అక్కడ పెట్టు" అన్నాను. పసుపుది పుదుచ్చేరి మీద పెట్టాడు. నల్లదాన్ని టూలాన్ దగ్గరికి తీసుకెళ్ళి, కాసేపు నిలబడి, 1797 సెప్టెంబరు దాకా వెళ్ళి, మళ్ళీ టూలాన్‌కే వచ్చి పెట్టాడు. వాళ్ళ అమ్మ లేచి వచ్చి ఇంకొక నల్లది అడిగింది.

సభ అయ్యాక పై తాడు క్లిప్పులు తీసి, చీటీలు ఒక కవరులో వేసి పేరు రాసి పెట్టుకోండి. కింది తాడు మాత్రం విప్పవద్దు. ఆ కాలపు మనిషి ఇంకెవరి కథ చెప్పినా అదే పనికి వస్తుంది. ఎండకు పెన్ను గీతలు వెలిసిపోతాయి కాబట్టి ప్రతి అయిదో జాన దగ్గర ఒక ముడి వేసి ఉంచండి. వచ్చే నెల మా మేడ మీద లఫాయెట్ కథ. ఆయనకు డెబ్బై ఆరు జానలు కావాలి, పడమటి గోడకు ఇంకో మేకు కొట్టించాను.